ఇంగ్లండు అయ్యగారి సున్నాలు

ఫొటో చూడగానే ఆ మనిషి మీద నాకు నమ్మకం కుదరలేదు. తెల్ల గడ్డం, నల్ల అంగీ, మెడ చుట్టూ తెల్ల పట్టీ, ఒళ్ళో మూసి పెట్టుకున్న పుస్తకం. చర్చి అయ్యగారన్నవాడికి ఉండాల్సినవన్నీ ఉన్నాయి. కళ్ళే తేడాగా ఉన్నాయి. అవి కెమెరాని చూడటం లేదు. కెమెరా వెనకాల ఒక మనిషి నిలబడి ఉంటే, వాడు ఇవాళ వచ్చాడా లేదా అని చూస్తున్నట్టున్నాయి.

"మా తాత," అంది పెద్దావిడ. "విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఒక పల్లెటూరికి గురువు. ముప్ఫై ఏళ్ళు ఒకే గుడి. ఎలా కనపడుతున్నాడు నీకు?"

"మంచివారిలా ఉన్నారు మేమ్," అన్నాను.

"అలా అనడానికి అంతసేపు పట్టిందేం?" అంది.

ఆవిడతో అదే చిక్కు. డెబ్బై అయిదేళ్ళు దాటాయి, చేతిలో కర్ర, కళ్ళకి సోడాబుడ్డి అద్దాలు. మనం నోరు తెరవకముందే మన అబద్ధం ఆవిడ చెవిలో పడిపోయేది.

నేనెవర్నో కూడా చెప్పాలి. కృష్ణా జిల్లాలో బోర్డులు రాసేవాణ్ణి. కిళ్ళీకొట్లు, లారీల వెనకభాగాలు, గుడి గోడల మీద వాక్యాలు, ఎన్నికలొస్తే రెండు పార్టీలకీ ఒకే గోడ. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. బడిని నేను వదిలేశానా, అదే నన్ను వదిలేసిందా అన్నది ఇంకా తేలలేదు. మా ఆవిడ నర్సు. డెబ్బైల చివర్లో అమెరికాకి నర్సులు కావాలంటే ఆవిడ టెక్సస్ వచ్చింది, ఆవిడ సామానుతో పాటు నేనూ వచ్చాను. డాలస్‌లో హాస్పిటల్, ప్లేనోలో ఇల్లు. ఎవరైనా నువ్వేం చేస్తావని అడిగితే "నర్సు మొగుణ్ణి" అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ ఉద్యోగంలోనూ నాకు అంత మంచిపేరు లేదు.

తరవాత మా దగ్గరున్న చిన్న చర్చిలో ఊడ్చి తుడిచే పని దొరికింది. బెంచీలకి మెరుగు పెట్టడం, గడ్డి కోయడం, ఆదివారం గంట కొట్టడం. వీధిలో ఉన్న చర్చి బోర్డు వెలిసిపోతే ఎవరూ అడక్కుండానే ఒకరోజు నిచ్చెన వేసి మళ్ళీ రాశాను. నల్లటి మనిషి నిచ్చెనెక్కి చర్చి బోర్డు మీద ఏదో చేస్తున్నాడని ఎవరో పోలీసుకి ఫోన్ చేశారు. పోలీసు వచ్చి, కింద నిలబడి మొత్తం చదివి, "బాగుంది" అని వెళ్ళిపోయాడు. ఆ దెబ్బతో పెద్దావిడ కంట్లో పడ్డాను.

చర్చికి కొత్త హాలు కట్టారు. అందులో వాళ్ళ తాత జ్ఞాపకార్థం ఒక చెక్క బోర్డు పెట్టించాలని పెద్దావిడ కోరిక. ఆయన జీవితం, వంశం ఒక వ్యాసంగా రాసి చదివితే ఆలోచిస్తామంది కమిటీ. రాయడం ఆవిడ పని, బోర్డు నా పని. అందుకని ప్రతి గురువారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. చుట్టూ పత్తిచేలు ప్లాట్లయిపోయి, ఒకే అచ్చులో పోసినట్టు ఇటుక ఇళ్ళు లేచాయి. మధ్యలో ఆవిడ పాత కొయ్య ఇల్లు ఒక్కటే, పెళ్ళివారి మధ్య పాత అప్పులవాడిలా నిలబడి ఉండేది.

మొదటి గురువారం నేను లేచి వచ్చేటప్పుడు ఆవిడ టీ చెంచాలు లెక్కపెట్టుకుంది. నేను చూస్తుండగానే.

"అన్నీ ఉన్నాయా మేమ్?" అన్నాను.

"ఒకటి ఎక్కువుంది," అంది, నన్ను ఇంకా అనుమానంగా చూస్తూ.

ఇక్కడిలా ఉంటే, ఇంట్లో మా ఆవిడ. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "ఏవండీ, గురువారం గురువారం షేవింగ్ చేసుకుని మరీ వెళ్తున్నారు, ఎవరావిడ?" అంది.

"డెబ్బై ఆరేళ్ళావిడ."

"మీరు చెప్పే వయసులు నేను నమ్మను. పెళ్ళిచూపుల్లో మీకు ఇరవై నాలుగన్నారు."

పెద్దావిడ బాధ నాకు తొందర్లోనే అర్థమైంది. ఇంగ్లండు నుంచి ఎవరో చుట్టాలు చనిపోతే వాళ్ళ అటక మీది పెట్టె ఒకటి ఓడలో ఈవిడకి చేరింది. అందులో తాత ప్రసంగాలు, ఫొటో, పెద్ద బైబిలు, జేబులో పట్టే చిన్న నోటుపుస్తకాలు పద్నాలుగు ఉన్నాయి. బైబిలు అట్ట లోపల వంశమంతా రాసి ఉంది. తాతగారు గుర్రపు జీనులు కుట్టేవాడి కొడుకు. ఆ ఊరి జమీందారు చదివించి, ఆ ఊరి గుడే ఇప్పించాడు. బడిపంతులు కూతుర్ని చేసుకున్నాడు. తొమ్మిదిమంది పిల్లలు, అందులో నలుగురు అయిదేళ్ళు నిండకుండానే పోయారు. మిగిలినవాళ్ళలో పెద్దవాడు సైన్యంలో చేరాడు, రెండోవాడు కూడా గురువయ్యాడు, ఆడపిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళారు. ఆఖరివాడు పెద్దావిడ తండ్రి. ఆయన పేరు కింద ఒకటే మాట: వెళ్ళాడు.

"మా నాన్న పదిహేడేళ్ళకి ఓడెక్కి ఇక్కడికొచ్చి పత్తి ఏరాడు," అంది పెద్దావిడ. "బతికినంతకాలం తండ్రికి ఒక్క ఉత్తరం రాయలేదు. తండ్రి పోయాడని కబురొస్తే, సరే అని నాగలి కట్టుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు? నేను చచ్చేలోపల అది తెలియాలి నాకు. తెలియకుండా ఆయన్ని గోడెక్కించి, తరవాత ఏదో బయటపడితే? నువ్వు టర్పెంటైన్ పోసి తుడిచేస్తావు. నన్ను ఎవరు తుడుస్తారు?"

ఆ మాటతో ఆయన మీద అనుమానం నన్నూ పురుగులా తొలిచింది.

ఆవిడ ఒక నోటుపుస్తకం తెరిచి నా చేతికిచ్చి చదవమంది. ఇంగ్లీషు అచ్చక్షరాలు నాకు బాగానే వచ్చు, బోర్డులు రాసినవాణ్ణి. గొలుసుకట్టు రాత మాత్రం నాకు చీమల బారు.

"అద్దాలు ఇంట్లో మర్చిపోయాను మేమ్," అన్నాను.

"నావి పెట్టుకో."

పెట్టుకున్నాను. అప్పుడు నిజంగానే ఏమీ కనపడలేదు.

"ఎంతవరకు చదివావు?" అంది.

"ఏడు."

ఏడేళ్ళా, ఏడో తరగతా అని అడగలేదు. అద్దాలు వెనక్కి తీసుకుని, "సరే, చదవడం నేను చదువుతాను. చూడటం నువ్వు చూడు," అంది. ఆ దేశంలో నా చదువుకి తగ్గ పని ఇచ్చిన మొదటి మనిషి ఆవిడే.

నోటుపుస్తకాల్లో పెద్దగా కథేమీ లేదు. పేజీకి ఎడమ పక్కన ఇళ్ళవాళ్ళ పేర్లు. వాటికెదురుగా గళ్ళు, గళ్ళ పైన తేదీలు. గళ్ళలో కొన్నిచోట్ల చిన్న శిలువ గుర్తు, కొన్నిచోట్ల సున్నా. పద్నాలుగు పుస్తకాల నిండా అదే. సున్నాలు విధవల ఇళ్ళకెదురుగా ఎక్కువగా ఉన్నాయని పెద్దావిడ కనిపెట్టింది. కనిపెట్టి, కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"విధవల ఇళ్ళకి అన్నిసార్లు ఎందుకు వెళ్ళినట్టు?" అంది, గొంతు తగ్గించి. ఆ ఇంట్లో మేమిద్దరం, ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు.

"అలాంటి పనికి గుర్తు పెట్టుకోవాలంటే ఎవరూ సున్నా పెట్టరు మేమ్," అన్నాను.

"మొగవాళ్ళు ఏం పెడతారో నీకెలా తెలుసు?"

ఈ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా నేనే ఇరుక్కుంటాను. పేజీ చూశాను. చూస్తుండగా తట్టింది. ఈ గళ్ళు నేను ఎరుగుదును.

మా తాతయ్య కూడా అయ్యగారే. డెల్టాలో ఒక పల్లె, తాటాకు గుడి. ఆయన్ని తయారుచేసింది ఇంగ్లండు నుంచి వచ్చిన దొరలే. అంగీ, మెడపట్టీ, నోటుపుస్తకం మూడూ వాళ్ళిచ్చినవే. ఆ పుస్తకంలో ఇంటికో వరస, శిలువ గుర్తులు, సున్నాలు. మా పల్లెల్లో ఆడవాళ్ళు అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. సోమవారం పొద్దున్న నాయనమ్మ తాతయ్య పుస్తకం ఒకసారి తిరగేసి, ఆ బియ్యం చిన్న చిన్న మూటలు కట్టి నాకిచ్చి ఫలానా ఫలానా ఇళ్ళకి ఇచ్చి రమ్మనేది. ఊరికే ఇస్తే పుచ్చుకోరు గదా, అందుకని ఒక మాట నేర్పేది: "మొన్న మీ చేట తీసుకున్నాం గదా, ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని నాయనమ్మ బియ్యం పంపింది." మేం ఎవరి చేటా తీసుకోలేదు. పుచ్చుకునేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఇంటావిడ ఒక చేట తెచ్చి నా చేతికిచ్చేది, అబద్ధం నిజం కావాలి గదా అని. మా ఇంట్లో ఎప్పుడు చూసినా నాలుగు చేటలు ఎక్కువే ఉండేవి.

బియ్యం వెళ్ళేది సున్నా ఉన్న ఇళ్ళకి. అది నేను కళ్ళారా చూశాను. అందుకని ఏడేళ్ళ వయసులోనే తేల్చేసుకున్నాను: తాతయ్య పొద్దున్నే గుడి మెట్టు మీద నిలబడి ఏ ఇంటి కప్పు మీద పొగ లేవలేదో చూసి సున్నా చుడతాడు. సున్నా అంటే ఆరిన పొయ్యి.

ఇదంతా పెద్దావిడకి చెప్పాను. ఆవిడ పిల్లిని ఒళ్ళోంచి దించింది.

"విధవల ఇళ్ళల్లో పొయ్యి ఆరిపోవడం సహజమే," అంది మెల్లగా. వెంటనే మళ్ళీ కళ్ళు చిన్నవి చేసి, "నన్ను సంతోషపెట్టడానికి చెప్తున్నావా?" అంది.

"మేమ్, సంతోషపెట్టడానికి నేను చెప్పే అబద్ధాలు దీనికంటే బాగుంటాయి."

ఆ రోజు ఆవిడ నాకు కేకు పెట్టింది. చెంచాలు లెక్కపెట్టలేదు. రెండు వారాల్లో వ్యాసం తయారైంది. పొగ లేని ఇంటిని ఎరిగిన కాపరి అని బోర్డు మీదికి ఒక వాక్యం కూడా కూర్చింది. నేను మా గరాజ్‌లో ఓక్ చెక్కకి అస్తరుగా అడుగు రంగు కొట్టి, పెన్సిల్‌తో గీతలు గీసి, మొదటి వరస అక్షరాలు దించాను.

నా మొహంలో వెలుగు చూసి మా ఆవిడ, "బానే ఉందిగాని, ఎవరో దొరసాని తాతకి మీ తాత గుణాలు తొడిగారేమో చూసుకోండి," అంది. "చొక్కా బాగుంది గదా అని ఎవరికిపడితే వాళ్ళకి పట్టదు."

నర్సు. ఎక్కడ గుచ్చాలో తెలుసు. నేను నవ్వేశాను, కాని సూది లోపలే ఉండిపోయింది.

అది కదిలింది అక్టోబరులో. చర్చిలో పంట కృతజ్ఞతల ఆదివారం కోసం ముందు భాగమంతా గుమ్మడికాయలు, మొక్కజొన్న, ఎవరో గుర్తుంచుకుని తెచ్చిన నాలుగు పత్తికాయలు పేర్చారు. సోమవారం అవి తీసి ఊడుస్తున్నాను. మా ఊళ్ళో అయితే వీటిని గుళ్ళోనే వేలం వేసేవాళ్ళు, నిమ్మకాయ కోసం బావాబావమరుదులు పోట్లాడుకునేవాళ్ళు అనుకుంటూ ఒక గుమ్మడికాయ ఎత్తాను. ఎత్తినవాణ్ణి అలాగే నిలబడిపోయాను. కోతలప్పుడు ఏ పేదింట్లోనైనా పొయ్యి వెలుగుతుంది. పనుంటుంది, గింజ దొరుకుతుంది. ఏడాదిలో పొగ ఆరని రోజులు అవే.

గురువారం దాకా ఆగలేకపోయాను. కారు డ్రైవ్ చేసుకుని అప్పుడే వెళ్ళాను.

"సోమవారం వచ్చావేం?" అంది తలుపు సగం తెరిచి.

"మేమ్, సున్నాలు ఏ నెలలో ఎక్కువున్నాయి?"

కూర్చుని లెక్కపెట్టింది. "ఆగస్టు. తరవాత సెప్టెంబరు."

"మీ తాతగారి ఊళ్ళో కోతలెప్పుడు?"

"అవే నెలలు," అంది. పత్తిచేల మనిషి, చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. ఒక తేదీ చూసింది, ఇంకోటి చూసింది. గోడకున్న క్యాలెండరు వెనక నుంచి ఒక పాత పంచాంగం లాంటి పుస్తకం తీసి వెనక్కి లెక్కవేసింది. "అన్నీ ఆదివారాలు," అంది.

కోతల్లో ఆదివారం గుడి మానేసి చేలోకి పోయినవాళ్ళకి సున్నా. ఒంట్లో బాగోక మంచం దిగనివాళ్ళకీ, వేసుకోవడానికి మంచి బట్ట లేక ఇంట్లో కూర్చున్న విధవలకీ కూడా సున్నానే. ఎందుకు రాలేదో రాసుకునే గడి ఆ పుస్తకంలో లేదు.

ఆఖరి నోటుపుస్తకంలో వెనక పేజీలు రెండు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే ఆవిడ జాగ్రత్తగా బ్లేడుతో విడదీసింది. చదివింది. నాకు వినపడేలా ఇంకోసారి చదివింది. చలికాలంలో జమీందారు పేదిళ్ళకి పంచే బొగ్గు, క్రిస్మస్ దుప్పటి ఎవరెవరికి ఇవ్వకూడదో అందులో జాబితా ఉంది. పదకొండు ఇళ్ళు. ఒక్కొక్క పేరు పక్కన సున్నాల లెక్క. కింద తాతగారి సంతకం.

"పొగ లేని ఇంటిని ఎరిగిన కాపరి," అంది పెద్దావిడ. "పొగ లేకుండా చేసిందే ఆయన."

నాకు ఏదో ఒక హాస్యం ఆడటం అలవాటు. ఆ రోజు ఒక్కటీ రాలేదు. ఏం చేయాలో తోచక పేజీ కేసి చూస్తూ కూర్చున్నాను. చదవడం రానివాడికి ఒక సుఖం ఉంది. మాటలు అడ్డం రావు, గీతలు కనపడతాయి. చూడగా చూడగా సంతకం చేసిన చెయ్యీ, సున్నాలు చుట్టిన చెయ్యీ ఒకటిగా అనిపించలేదు.

"మేమ్, సున్నా చుట్టేటప్పుడు ఎవడి మొదలు వాడిది. మా పనిలో అది చూసే, ఈ బోర్డు ఎవరు రాశారో చెప్పేస్తాం. మీ తాతగారు సంతకంలో సున్నా లాంటి అక్షరం పైనుంచి మొదలుపెట్టారు. ఈ సున్నాలు అడుగునుంచి మొదలయ్యాయి. మొదలుకి చివర కలవక, ఎలకతోకలా ఒక ముక్క బయటికొచ్చింది. అన్నిటికీ అదే తోక."

ఆవిడ నా మొహం చూసింది. లేచి, కర్ర మర్చిపోయి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక పుట్టినరోజు కార్డు. ఆవిడకి పదేళ్ళు నిండినప్పుడు తండ్రి రాసిచ్చింది. పది అంకెలో సున్నాకి కింద తోక ఉంది.

ఇద్దరం ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. తండ్రి ప్రసంగం చెప్తుంటే, ఆఖరి కొడుకు బెంచీ చివర కూర్చుని వెనక్కి తిరిగి తిరిగి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో చూసి గళ్ళు నింపాడు. పదిహేడేళ్ళు వచ్చేదాకా.

"నాన్న ఇక్కడ గుడికి వచ్చేవాడు," అంది పెద్దావిడ. "ఎప్పుడూ ముందు బెంచీ. ఎంత ఆలస్యమైనా అందర్నీ దాటుకుని వెళ్ళి అక్కడే. మేం పిల్లలం తల వెనక్కి తిప్పితే తొడపాశం పెట్టేవాడు, నల్లగా కమిలిపోయేది. భక్తి అనుకున్నాను." తొడ మీద చెయ్యి వేసుకుంది. "ఇప్పటికీ నేను ముందు బెంచీలోనే కూర్చుంటాను."

నేను ఇంటికొచ్చి పెన్సిల్ అక్షరాలు గీకేశాను. ఆవిడ అనుమానం తీరింది, నాది మొదలైంది. ఆ గళ్ళు నేర్పిన దొరలే మా తాతయ్యకీ నేర్పారు. అయితే తాతయ్య సున్నా ఏమిటి? మా పల్లెలో ఒకావిడ ఉండేది, తాతయ్య ఎదురైతే కొంగు మొహం మీదికి లాక్కుని పక్కకి తిరిగేది. సిగ్గనుకున్నాను. అలా ఇన్నేళ్ళూ ఎన్నిటిని సిగ్గనీ, ఎన్నిటిని భక్తనీ అనుకున్నానో!

"ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది, ఇప్పుడు పోలీసు ఎంక్వైరీ ఏంటండీ?" అంది మా ఆవిడ. "అంతగా ఉంటే మీ అత్తయ్యని అడగండి. లేకపోతే అన్నం తినండి. రెండూ చేయకుండా నా ఎదురుగా కూర్చోకండి."

మేనత్తకి ఉత్తరం రాశాను. నెల పైన పట్టింది జవాబుకి. ఇప్పటికీ నా దగ్గరుంది.

"ఒరే అబ్బాయ్, అమెరికా వెళ్ళి ఇన్నేళ్ళకి నీ చేత్తో ఉత్తరం రాశావు, అదీ మా నాన్న మీద నేరం మోపడానికి. సంతోషం. సున్నా అంటే గుడికి రానివాళ్ళే. ఇంకేమనుకున్నావు? అట్లాంటివాళ్ళకి గుడి బియ్యం ఇవ్వకూడదని నాన్న రూలు. అమ్మ చదువుకోలేదు గాని సున్నా గుర్తుపట్టేది. ఆ పుస్తకం చూసి, సరిగ్గా ఆ ఇళ్ళకే బియ్యం పంపేది. నాన్నకి తెలుసో లేదో నాకు తెలీదు. చేటలు అన్నెందుకున్నాయని మాత్రం ఎన్నడూ అడగలేదు. నాన్న పోయిన రోజున, చుట్టాలు ఇంకా దిగకముందే, అమ్మ ఆ పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచింది. ఇట్లాంటివి ఉత్తరాల్లో అడగమాకు. పిల్లలు ఎట్లా ఉన్నారు?"

ఈ ఉత్తరం పెద్దావిడకి చదివి వినిపించాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత పెట్టె దగ్గరికి వెళ్ళి అడుగుదాకా కాగితాలన్నీ తిరగేసింది.

"ఏం వెతుకుతున్నారు?"

"మా నాయనమ్మని. బడిపంతులు కూతురు. చదువుకుంది. తొమ్మిదిమందిని కంది. ఈ పెట్టెలో ఆవిడ రాసిన ముక్క ఒక్కటీ లేదు."

"రాసి ఉండరు. మా నాయనమ్మ రాసిందా? నీళ్ళు కాచింది."

"ఆవిడ కూడా బొగ్గు పంపి ఉంటుందంటావా?"

అవునంటే ఆవిడకి ఎంత హాయిగా ఉండేదో నాకు తెలుసు. ఒకసారి అలా చెప్పే కదా ఇంతదాకా తెచ్చాను. "నాకు తెలీదు మేమ్," అన్నాను. ఆవిడ తల ఊపింది. మా పరిచయంలో ఆవిడ నన్ను వెంటనే నమ్మింది ఆ ఒక్కసారే.

కమిటీ రోజున ఆవిడ ముందు బెంచీలోంచి లేచి, హాల్లో అందరి వైపూ తిరిగి నిలబడి, వ్యాసం చదివింది. జీనులు కుట్టేవాడి కొడుకు, జమీందారు దయ, తొమ్మిదిమంది పిల్లలు, శిలువలు, సున్నాలు, బొగ్గు, అడుగున తోక ఉన్న అంకె. ఏదీ దాచలేదు. తాతగారు జ్వరాల ఏడాదిలో రోగుల ఇళ్ళకి తనే వెళ్ళాడని ఒక ప్రసంగంలో ఉంటే అదీ చదివింది. చివర్న ఒక కాగితం తీసి, బోర్డు మీద రాయాల్సింది ఇదీ అంది. ఊరి పేరు, దాని కింద పదకొండు పేర్లు.

మా చర్చి ఫాదర్ గొంతు సవరించుకున్నాడు. "ఇందులో మీ తాతగారి పేరు లేదు."

"ఆయన పేరు ఆ ఊరి గుళ్ళో రాతి మీద చెక్కి ఉంది. చుట్టాలు ఫొటో కూడా పంపారు. వీళ్ళకి ఎక్కడా లేదు."

"వీళ్ళు మన చర్చివాళ్ళు కారు కదా?" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"వాళ్ళ చర్చి కూడా వాళ్ళతో అదే అంది," అంది పెద్దావిడ.

ఎవరూ ఒప్పుకున్నట్టు చెప్పలేదు, వద్దన్నట్టూ చెప్పలేదు. మా ఊళ్ళో అయితే దాన్ని ఒప్పుకోవడమే అంటాం. నేను మర్నాడే రంగు కలిపాను.

ఆవిడ పేర్లన్నీ నా కోసం అచ్చక్షరాల్లో రాసిచ్చింది. ముదురు నీలం మీద మీగడ రంగు అక్షరాలు, సన్నటి నల్ల నీడ. వారం పట్టింది. బోర్డు హాల్లో బిగించి, నిచ్చెన తీయకముందే ఆవిడని పిలిచాను. ఆవిడ కాగితం ఒక చేత్తో, భూతద్దం ఇంకో చేత్తో పట్టుకుని, కర్ర నా చేతికిచ్చి, ఒక్కొక్క పేరూ సరిచూసుకుంటూ వచ్చింది. అచ్చం టీ చెంచాలు లెక్కపెట్టినట్టే.

"పది ఉన్నాయి," అంది.

"పదకొండు మేమ్."

"పది. నాలుగో పేరు తరవాత ఒకటి లేదు."

కాగితం చూశాక గుర్తొచ్చింది. నిజమే. నాలుగూ అయిదూ అక్షరం తేడా లేకుండా ఒకే పేరు. ఆవిడ పెద్దవయసులో పొరపాటున రెండుసార్లు రాసిందనుకుని, పాపం అడిగితే చిన్నబుచ్చుకుంటుందని, నా అంతట నేనే దిద్దాను. ఆ మాటే చెప్పాను.

"పొరపాటు కాదు. అత్తా కోడలు," అంది. "ఇద్దరిదీ ఒకే పేరు, ఇద్దరూ విధవలు. రెండు ఇళ్ళు. ఇద్దరికీ వేరువేరుగా సున్నాలు చుట్టాడు మా నాన్న. ఇద్దర్నీ కలిపి ఒకటి చేయడానికి నువ్వెవరివి?"

"ఇప్పుడు మధ్యలో చోటు లేదు మేమ్. అడుగున కాస్త ఉంది."

"అడుగునే రాయి."

బోర్డులు రాసేవాడికి అంతకంటే తలవంపు లేదు. కొలత తెలియనివాడు రాసిన కిళ్ళీకొట్టు బోర్డులా ఆఖరి వరస ఇరుకైపోతుంది. రేపు పొద్దున వస్తానన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని నిచ్చెన కింద కూర్చుంది. "ఇప్పుడే. నేను చూస్తుండగా."

నిచ్చెనెక్కి, చిన్న బ్రష్ తీసుకుని, పెన్సిల్ గీత కూడా లేకుండా, చెక్క అంచుకి వేలెడు పైన ఆ కోడలి పేరు ఇరికించాను. తరవాత ఆ హాల్లోకి వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు, బోర్డు బాగుంది గాని ఆఖరి వరస ఎందుకంత ఇరుగ్గా ఉందని అడుగుతూనే ఉండేవాళ్ళు. ముందు బెంచీలోంచి పెద్దావిడ వెనక్కి తిరిగి, ఏం జవాబు చెప్తానా అని నాకేసి చూసేది.